అమాస రాత్రుల లెక్క

కుందారపల్లిలో చుక్కలు చూసే కూడికల గురించి రెండు పేజీలు రాయమని సంచిక కమిటీ అడిగింది. సరేనన్నందుకు కారణం ఒకటుంది. పోయినసారి సంచికలో ఎవరో నాలుగు వరుసల్లో, దీన్ని బెంగళూరు కుర్రవాళ్ళు మొదలుపెట్టినట్టు రాసేశారు. వాళ్ళు వచ్చిందీ నిజమే, పెద్ద టెలిస్కోపులు తెచ్చిందీ నిజమే. అయితే వాళ్ళ కార్లు మామిడితోపు పక్కన ఆగేనాటికి, ఆ కళ్ళంలో మన జంపఖానాలు పరుచుకుని ఏళ్ళు గడిచాయి. దీనికి పేరు లేదు, రిజిస్ట్రేషను లేదు, రసీదు పుస్తకం అసలే లేదు. అందువల్ల ఎవరు ఏం రాసినా చెల్లిపోతుందనుకుంటారేమో.

మొదలు 1997. ఆ ఏడు మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దుగూకినాక హేల్-బాప్ తోకచుక్క వాయవ్యాన ఉత్త కంటికే కనబడేది. ఊళ్ళో కొందరు అరిష్టమని తలుపులు వేసుకున్నారు. మా జేజి మాత్రం "తోకచుక్క వస్తే కీడు రాజుకంట, మనకేముందిరా" అని మంచం బయట వేయించుకుంది. ఆ చుక్క వెళ్ళిపోయాక కూడా మేం నలుగురైదుగురం కళ్ళంలో చేరడం మానలేదు. ఇప్పుడు అలాంటిదే మళ్ళీ అదే దిక్కున వస్తే అంత బాగా కనబడదు. మనకు హోసూరు, ఆపైన బెంగళూరు ఉన్నది ఆ వైపే. అక్కడి వెలుగు ఆకాశం అంచు దాకా ఎగబాకింది.

చుక్కలు బాగా కనబడాలంటే చంద్రుడు ఉండకూడదు. అంటే అమాస. అమాస రాత్రి చెట్ల కింద కూర్చుంటామంటే ఊరు ఊరుకుంటుందా? "ఏమప్పా, అమాసరేయి ఆడపిల్లల్ని బయటికి పంపించేదేమి?" అని ప్రతి ఇంట్లో ఇదే ప్రశ్న. పైగా భజన బృందం వాళ్ళది పున్నమి. వాళ్ళకు వెన్నెల, ప్రసాదం, హార్మోనియం అన్నీ ఉన్నాయి. మాకు చీకటి, దోమలు. చివరికి రాజీ ఒకటి కుదిరింది: అమాసకు దగ్గరపడే శనివారం కూడతాం, అమాస నాడే కాదు. ఆ సర్దుబాటు తర్వాతే అమ్మలక్కలు రాసాగారు. వాళ్ళు వచ్చాకే తినడానికి వేరుశనగలు, అలసందల గుగ్గిళ్ళు వచ్చాయి, కూడిక నిలబడింది. ఇది కమిటీ మీటింగుల్లో ఎవరూ చెప్పరు.

ఏ నెల ఏం చూడాలో మాకు నేర్పింది పుస్తకం కాదు, రాగి రైతు ఒకాయన. ఆయన లెక్కంతా కార్తెల్లో. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. అప్పుడు మృగశిర సూర్యుడి దిక్కునే ఉండి పగటి వెలుగులో మునిగిపోతుంది. అందరి నోటా నలిగే చుక్క ఆ రోజుల్లో కంటికి ఆనదు. "కార్తె చుక్కను చూడాలంటే ఆరునెల్లు ఆగు" అనేవాడాయన. నెలల పేర్లది దీనికి ఎదురు లెక్క. కార్తీకంలో పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కనుక, ఆ నెలంతా పొద్దుగూకే వేళకు కృత్తికలు తూర్పున లేస్తాయి. చలికాలంలో మృగశిర నడినెత్తికి వస్తుంది, దక్షిణాన అగస్త్యుడు తెల్లగా నిలుస్తాడు. మా కూడికల్లో ఎప్పుడూ జనం ఎక్కువుండేది మార్గశిరంలోనే. డిసెంబరు 14 ప్రాంతంలో మిథునరాశి వైపు నుంచి ఉల్కలు రాలతాయి, పిల్లలు వాటిని లెక్కపెడుతూ నిద్రపోతారు.

మేలో త్రిశంకు. మన అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు. ధ్రువుడు ఇక్కడ అంత కిందకే ఉంటాడు, చెట్లు అడ్డొస్తాయి. దానికి బదులు దక్షిణ ఆకాశం మనకు దక్కింది. త్రిశంకు పదిహేడు డిగ్రీల ఎత్తుదాకా లేస్తుంది, ఢిల్లీవాళ్ళకు ఆ భాగ్యం లేదు. మృగశిర కార్తె దాటితే మాత్రం మబ్బులే. పాలవెల్లి నడిమి భాగం సాయంత్రాలు బాగా కనబడవలసిన నెలల్లోనే వానలు. ఏటా ఇదే గొడవ.

జవ్వాదు కొండల్లో కావలూరు వేధశాల ఉండడానికి కారణం కూడా ఈ దక్షిణ ఆకాశమే. కృష్ణగిరి నుంచి నేరుగా గీత గీస్తే డెబ్బై కిలోమీటర్లకు మించదు. 1960ల చివర ఆ చోటుకు రూపమిచ్చిన వైను బప్పు మద్రాసులో పుట్టినా, పెరిగింది హైదరాబాదులో. వాళ్ళ నాన్న అక్కడి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల టెలిస్కోపుకు బప్పు పేరే పెట్టారు. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు దాటింది. శనివారాలు అక్కడికి సందర్శకులను రానిస్తారు. మా మొదటి బృందం వ్యాను మాట్లాడుకుని పోయింది అక్కడికే. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అందరిదీ ఒకటే పాట: మనకూ ఒకటి ఉండాలి.

కొనే తాహతు లేదు. కనుక చేశాం. ఆరంగుళాల అద్దం. రెండు గాజుబిళ్ళల మధ్య కార్బోరండం పొడి, నీళ్ళు వేసి రుద్దుతూ పోతే పైబిళ్ళ గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఆ గుంటదే మన అద్దం. తర్వాత కీలు పరిచిన పలక మీద సీరియం ఆక్సైడుతో మెరుగు. ఒక వేసవి సెలవులన్నీ బడి వరండాలో రుబ్బురోలు తిప్పినట్టు తిప్పాం. అల్యూమినియం పూత నగరంలో ఒకచోట పూయిస్తే మొదటి వానలకే లేచిపోయింది, డబ్బులు తిరిగి రాలేదు. రెండోసారి నిలిచింది. గొట్టం బోరుబావికి దించే ఏడంగుళాల కేసింగు పైపు. అడుగు పీటకు కావలసిన ఇరుసులు హోసూరు సిప్కాటులో పనిచేసే మనవాడు లేతు మీద తీసి ఇచ్చాడు. దాన్లో మొదటిసారి శనివలయం చూసిన పూజారిగారు, లోపల బొమ్మ అంటించారేమోనని గొట్టం తట్టి చూశారు.

2004 జూన్ 8న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. మబ్బుల సందున తెల్లకాగితం మీద ఆ నల్లచుక్కను పడేసి బడిపిల్లలందరికీ చూపించాం. ఆ రోజు మేష్టారు చెప్పిన సంగతి నాకు ఇష్టం. 1874 డిసెంబరులో ఇలాంటి నడకనే విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు ఆరంగుళాల టెలిస్కోపుతో చూశాడు. ఆయన చూసిన వేధశాలను 1840లో తన ఇంటి ఆవరణలోనే కట్టించినవాడు ఆయన మామ గోడే వెంకట జగ్గారావు. ఆరంగుళాలు అనగానే పిల్లలందరూ మా పైపు వైపు తిరిగారు.

ఆ తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. బెంగళూరువాళ్ళు రావడం, కెమెరాలు, 2020 డిసెంబరు 21న గురుడు, శని దాదాపు కలిసిపోయినట్టు కనబడడం, వాట్సాపు గ్రూపు. ఏప్రిల్ 24న పగలు పన్నెండుంపావు ప్రాంతంలో నీడ కాలికింద మాయమయ్యే ఆట ఇప్పుడు బడిలో ఏటా జరుగుతోంది. బెంగళూరువాళ్ళు మంచివాళ్ళే. కాకపోతే వాళ్ళు రాత్రంతా తెర వంక చూస్తారు, మేం పైకి చూస్తాం.

కృతజ్ఞతలు చెప్పాలి. కళ్ళం ఇచ్చిన పెద్దాయనకు, ఆయన పోయాక కంచె వేసినా గేటు తాళం మాకిచ్చిన కొడుకులకు, మోటారు షెడ్డు దీపం ఆర్పడానికి ఒప్పుకున్న పక్క తోట అన్నకు, బడి వరండా ఇచ్చిన హెడ్‌మాస్టరమ్మకు, వ్యాను డ్రైవరు తమ్ముడికి, గుగ్గిళ్ళ అక్కలకు, లేతు పనివాడికి, పైపు సగం ధరకిచ్చిన బోరుబండి మామకు, పాము వచ్చిన రాత్రి కర్ర పట్టుకుని నిలబడిన కావలి తాతకు, భజన బృందానికి కూడా. పేర్లు రాయలేదు. ఒక్కరు మిగిలినా వచ్చే సంచిక దాకా నన్ను వదలరు.

మార్గశిర అమాస దగ్గరి శనివారం కూడుతున్నాం. దుప్పటి తెచ్చుకోండి. టార్చికి ఎర్రకాగితం చుట్టండి, సెల్‌ఫోను జేబులో పెట్టండి. బండ్లు తోపు ఇవతలే ఆపి లైట్లు ఆర్పాలి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు ఈ చివరి మాట ప్రత్యేకంగా.