పిట్టల ఫోటోలకో పద్దు

శృంగవరపుకోట (ఎస్.కోట) స్టేషన్‌లో కిరండూల్ రైలెక్కితే శిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉంటాం. ఎస్.కోటకు దగ్గర్లోనే గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం, మరోపక్క పుణ్యగిరి, బౌడార దాటితే ఘాట్ రోడ్డు, పైన అనంతగిరి కాఫీ తోటలు. నీటి పిట్టలు, పొలం పిట్టలు, కొండ పిట్టలు ఒక్కరోజులోనే కెమెరాకు చిక్కుతాయి. అందుకే ఎస్.కోట చుట్టుపక్కల పిట్టల ఫోటోలు తీసేవాళ్ల హార్డ్‌డిస్కులు ఇట్టే నిండిపోతాయి. వాటిని ఏ లెక్కన సర్దుకోవాలి?

ముందు ఏరివేత. సెకనుకు 10 ఫ్రేములు తీసే కెమెరాతో లకుముకి పిట్ట నీళ్లలోకి దూకడాన్ని 3 సెకన్లు పట్టుకుంటే 30 ఫోటోలు. ఒక్కోటి 10 ఎంబీ అనుకుంటే 300 ఎంబీ. ఇలాంటివి పది కలిస్తే 3 జీబీ. ప్రతి 30లో రెండే ఉంచండి: బాగా వచ్చినది ఒకటి, పిట్టను గుర్తుపట్టే ఆనవాలు కనిపించేది ఒకటి. 3 జీబీ కాస్తా 200 ఎంబీకి దిగుతుంది. ఇది చేయకుండా సర్దడం మొదలుపెడితే చెత్తను కూడా వరసలో పేర్చినట్టే.

మిగిలినవాటిని ఎలా విడదీయాలి? కొత్తవాళ్లు ఎక్కువగా రంగును బట్టి వెళ్తారు. అది నిలవదు. మగ కోకిల నల్లన, ఆడది గోధుమ రంగు మీద తెల్లచుక్కలు. మిగతా రోజుల్లో మట్టిరంగులో కలిసిపోయే చెరువు కొంగకు గుడ్లు పెట్టే కాలం వచ్చేసరికి వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. రంగును నమ్ముకుంటే ఒకే జాతి రెండు ఫోల్డర్లలో పడుతుంది.

పోనీ, శాస్త్రవేత్తల వర్గీకరణనే ఫోల్డర్లుగా పెట్టేస్తే? 2025 జూన్‌లో విడుదలైన ప్రపంచ పక్షుల ఉమ్మడి జాబితా ‘ఏవీలిస్ట్’ ప్రకారం భూమ్మీద 11,131 జాతులున్నాయి. వీటిని 252 కుటుంబాలుగా, ఆ కుటుంబాలను 46 క్రమాలుగా విభజించారు. 46 ఫోల్డర్లంటే వీలుగానే కనిపిస్తుంది. తీరా చూస్తే మొత్తం జాతుల్లో 60 శాతం దాకా పాసెరీన్‌లనే ఒక్క క్రమంలోకి వస్తాయి. పిచ్చుక, కాకి, గోరువంక, గిజిగాడు, పికిలి పిట్ట అన్నీ అందులోవే. ఒక ఫోల్డర్ కిక్కిరిసిపోతుంది, మరికొన్ని ఎప్పటికీ ఖాళీగానే ఉంటాయి. పెంగ్విన్ల ఫోల్డర్‌తో మనకేం పని? కుటుంబాల లెక్కన పోయినా అంతే. 252లో మన ప్రాంతంలో కనిపించేవి కొన్నే.

పైగా ఈ వర్గీకరణ స్థిరంగా ఉండదు. కెస్ట్రెల్, పెరెగ్రిన్ వంటి ఫాల్కన్‌లను చాలాకాలం గద్దల పక్కనే ఉంచారు. ముక్కు, గోళ్లు, వేట తీరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. 2008లో వెలువడిన పెద్ద జన్యు అధ్యయనం ఫాల్కన్‌లకు దగ్గరి చుట్టాలు గద్దలు కావనీ, చిలుకలు, పాసెరీన్‌లు అనీ తేల్చింది. ‘వేట పక్షులు’ అని ఫోల్డర్ పెట్టుకున్నవాళ్లు దాన్ని విప్పి మళ్లీ సర్దుకోవాల్సిందే.

చుట్టరికాలు మారవచ్చు. ఫోటో ఏ రోజున, ఎక్కడ తీశామన్నది మాత్రం మారదు. కాబట్టి ఫోల్డర్‌ను తేదీకీ చోటుకీ కేటాయించి, చుట్టరికాన్ని ట్యాగుకు వదిలేయాలి.

ఈ పద్ధతి విలువ ఏమిటో మన కొండలే చెబుతాయి. హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే ఆబట్స్ బాబ్లర్ అనే చిన్న పిట్ట తూర్పు కనుమల్లోనూ ఉంది. ఇక్కడిది కాస్త వేరని గుర్తించి, 1985లో పక్షిశాస్త్రవేత్తలు రిప్లే, బీహ్లర్ దాన్ని కొత్త ఉపజాతిగా వర్ణించారు. పేరు ‘కృష్ణరాజుయి’. విశాఖపట్నం కొండల్లో పక్షులను పరిశీలించిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు మీద పెట్టినది. ఆ ముగ్గురూ కలిసి విశాఖ కనుమల పక్షులపై రాసిన వ్యాసం 1987-88లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఎక్కడ దొరికిందో తెలియని పిట్టైతే దాన్ని తూర్పు కనుమల ఉపజాతి అని చెప్పే వీలే ఉండదు.

ఆచరణలో ఇలా చేయొచ్చు. ముందు సంవత్సరానికో ఫోల్డర్. అందులో ఒక్కో విహారానికి ఒకటి: 2025-01-12_తాటిపూడి. సంవత్సరం, నెల, రోజు ఈ వరసలో రాస్తే కంప్యూటరే కాలక్రమంలో పేరుస్తుంది. నెలకు రెండుసార్లు వెళ్లినా ఏడాదికి 24 ఫోల్డర్లు, పదేళ్లకు 240. వీటిలో ఒక్కటీ ఖాళీగా ఉండదు.

ఆపైన ప్రతి ఫోటోకూ ఐదు ట్యాగులు: జాతి, కుటుంబం, ఆడా మగా పిల్లా, చేస్తున్న పని, ఎత్తు. ఎత్తుకు మన దగ్గర మూడు మాటలు చాలు: మైదానం, కొండ మొదలు, ఘాట్ పైన. డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ ట్యాగులను ఫోటో ఫైల్‌లోనే రాసిపెట్టగలదు. ‘లకుముకి, వేట, మైదానం’ అని వెతికితే అన్నేళ్ల ఫోటోలూ ఒక్కచోట కనిపిస్తాయి. ఒకే ఫోటోను నాలుగు ఫోల్డర్లలో కాపీ చేయనక్కర్లేదు. శాస్త్రవేత్తలు రేపు ఓ కుటుంబాన్ని రెండుగా చీల్చినా ట్యాగు మార్చుకుంటే సరి, ఫోల్డర్ల జోలికి పోనక్కర్లేదు.

పేరు తెలియని పిట్టలకు ‘తెలియదు’ అనే ట్యాగు పెట్టండి. సిగ్గుపడి చెరిపేయకండి, ఊహించి ఏదో పేరు తగిలించకండి. తేదీ, చోటు, ఎత్తు ఉన్న ఫోటోను అనుభవజ్ఞుడికి చూపిస్తే ఆ కాలంలో ఆ కొండ మీద ఉండే అవకాశం లేనివాటిని ముందే పక్కన పెట్టేస్తాడు. మిగిలిన రెండు మూడు పేర్లలో అదేదో తేల్చడం తేలిక.