డోడో లేని దీవి
మారిషస్‌లో మనిషి, పక్షి, చెరకు

మారిషస్ దీవిలో దిగిన తెలుగు యాత్రికుడికి మొదటి ఉదయాన పరాయిదేశానికి వచ్చానన్న భావమే కలుగదు. కరెంటు తీగమీద గోరువంకలు పోట్లాడుకుంటూ ఉంటాయి. పెరటి కంచెమీద ఎర్రచెంపల పిగిలిపిట్ట కూస్తుంది. రామచిలుకల గుంపు అరుచుకుంటూ మామిడితోటల మీదుగా సాగిపోతుంది. రోడ్డు దాటుతూ ముంగిస కూడా కనబడవచ్చును. రోడ్డుకు రెండు వైపులా చెరకు తోటలు. ఉగాది ఈ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన సింహాద్రి అప్పన్న సేవ, రామభజన ఇక్కడి తెలుగు కుటుంబాలలో నేటికీ నిలిచి ఉన్నాయి.

అయితే ఆ ఉదయం యాత్రికుడు చూసిన ప్రాణులలో ఒక్కటి కూడా ఈ దీవికి స్వంతమైనది కాదు. గోరువంకను 1762లో మిడతల దండును అరికట్టడానికి భారతదేశం నుండి తెచ్చారు. ఒక పురుగును అణచడానికి మరొక ప్రాణిని దేశాంతరం నుండి రప్పించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటిగా శాస్త్రజ్ఞులు పేర్కొంటారు. ప్లేగు వ్యాపించిన కాలంలో ఎలుకలను చంపడానికి 1900లో ముంగిసను దింపారు. పిగిలిపిట్ట, రామచిలుక 19వ శతాబ్ది చివరి భాగంలో వచ్చి చేరాయి. చెరకును 1639లో డచ్చివారు జావా నుండి తెచ్చి నాటారు. మరి దీవికి స్వంతమైన ప్రాణులేవి? అవి ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్నకు సమాధానం వెదికేవారికి మారిషస్ ప్రకృతి, మారిషస్ సంస్కృతి ఒకే కథగా కనబడతాయి.

సముద్రంలో పుట్టిన ప్రపంచం

మడగాస్కరుకు తూర్పున దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో, సుమారు 80 లక్షల సంవత్సరాల క్రిందట, సముద్రగర్భంలోని అగ్నిపర్వతం పైకి లేచి ఈ దీవిగా ఏర్పడింది. ఏ ఖండంతోనూ దీనికి ఎన్నడూ సంబంధం లేదు. అందుచేత ఎగురగలిగినవి, నీటిలో తేలగలిగినవి, గాలిలో కొట్టుకొని రాగలిగినవి మాత్రమే ఇక్కడికి చేరాయి. పక్షులు, గబ్బిలాలు, తాబేళ్ళు, బల్లులు, విత్తనాలు వచ్చాయి. ఎలుక, పిల్లి, కోతి, పంది రాలేదు. గబ్బిలాలు తప్ప స్వదేశీ స్తన్యజీవి ఈ నేలపై ఒక్కటీ లేదు.

వేటాడే మృగం లేనిచోట రెక్కలకు పని తగ్గుతుంది. ఎగరడానికి కావలసిన కండలను పోషించడం శరీరానికి భారం. ఆ ఖర్చును తగ్గించుకున్న పక్షులు తరతరాలుగా నేలమీదనే బ్రదుకుతూ బరువెక్కాయి. ఆవులు, మేకలు, జింకలు చేయవలసిన పనిని, అంటే ఆకులు మేయడం, పండ్లు తిని విత్తనాలు వెదజల్లడం మొదలైనవాటిని, ఇక్కడ రాక్షస తాబేళ్ళు చేసేవి. తేనెటీగలు చేసే పనిలో కొంత బల్లులు పంచుకున్నాయి. బెండ, మందార కుటుంబానికి చెందిన ట్రొకేషియా ఈ దీవులకే ప్రత్యేకమైన చెట్టు. అందులో ఒక జాతి పువ్వు మారిషస్ జాతీయ పుష్పం. దాని మకరందం రంగు కలిగి ఉంటుంది. సాధారణంగా మకరందం నీటివలె నిర్మలమైనది. ఈ రంగు ఎందుకని పరీక్షించినప్పుడు, రంగులేని తేనెకంటె రంగు తేనెనే ఇక్కడి పచ్చబల్లులు ఎక్కువగా కోరుకుంటున్నట్లు తేలింది. గోడమీది బల్లిని చూసి శకునం చెప్పుకొనే మనకు, పూలను ఫలింపజేసే బల్లి ఒక వింతయే.

డోడో

ఈ దీవి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే పక్షి డోడో. అది బాతూ కాదు, కోడీ కాదు. ఎగురలేని పెద్ద పావురం. 2002లో ప్రకటించిన జన్యుపరిశోధన ప్రకారం, నేడు జీవించి ఉన్న పక్షులలో దానికి అత్యంత సమీప బంధువు నికోబార్ పావురం, అనగా మన అండమాన్ నికోబార్ దీవులలోని పక్షి. డోడోకు భారతదేశంతో మరొక బంధం కూడా కలదు. జహంగీరు చక్రవర్తి కాలంలో కొన్ని డోడోలు సూరత్ రేవుకు చేరాయి. 1625 ప్రాంతంలో చిత్రించిన డోడో బొమ్మ ఒకటి నేడు రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నది. దానిని ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వ్రాసినదిగా భావిస్తారు. బ్రతికిన డోడోను చూసి గీసిన బొమ్మలలో నమ్మదగినవాటిలో అది ఒకటి.

1598లో డచ్చి నావికులు ఇక్కడ దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరును దీవికి పెట్టారు. 1662 తరువాత డోడోను నిశ్చయంగా చూసినవారు లేరు. అరవై నాలుగు సంవత్సరాలలో ఒక జాతి ముగిసింది. నావికులు కొట్టి తినడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అది కథలో చిన్న భాగం మాత్రమే. ఓడలతో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులే ప్రధాన శత్రువులు. నేలమీద పెట్టే గుడ్డును కాపాడుకోవలసిన అవసరం డోడోకు లక్షల ఏళ్ళలో ఎన్నడూ కలుగలేదు. తల్లి ఎదుటపడిన మనిషికి భయపడకపోవడం మూర్ఖత్వం కాదు. భయం నేర్పే అనుభవం ఆ జాతికి లేదు. 1865లో విమానాశ్రయ ప్రాంతానికి సమీపంలోని మార్ ఓ సోంజ్ అనే బురదమడుగులో డోడో ఎముకలు విస్తారంగా దొరికాయి. సోంజ్ అంటే అక్కడి భాషలో చేమ. ఆ చేమమడుగు ఎముకలే నేడు అనేక మ్యూజియాలలోని అస్థిపంజరాలకు ఆధారం.

డోడో చెట్టు: ఒక వాదం, ఒక గుణపాఠం

మన సపోటా, ఇప్ప చెట్ల కుటుంబానికి చెందిన తంబలకోక్ అనే వృక్షం ఒకటి ఈ దీవిలో ఉన్నది. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆకర్షణీయమైన ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఈ చెట్లు పదమూడే మిగిలాయి, అన్నీ మూడువందల ఏళ్ళు దాటినవే. డోడో కడుపులో అరిగితే తప్ప వీటి గట్టి విత్తనం మొలకెత్తదు. కనుక డోడోతోపాటు చెట్టు కూడా అంతరిస్తున్నదని ఆయన వాదం. టర్కీకోళ్ళ చేత 17 విత్తనాలు మ్రింగించగా వాటిలో మూడు మొలకెత్తాయి.

ఈ కథ పాఠ్యపుస్తకాలకు కూడా ఎక్కింది. కాని తరువాతి పరిశీలనలో నిలువలేదు. ఏ పక్షి సహాయమూ లేకుండా ఆ విత్తనాలు మొలకెత్తినట్లు 1940ల నాటికే వృక్షశాస్త్రజ్ఞులు గమనించి ఉన్నారు. వయసు తక్కువ చెట్లు కూడా కనబడ్డాయి. చెట్టు తగ్గిపోవడానికి కారణాలు అనేకం: విత్తనాలను కొరికే కోతులు, మొలకలను మేసే జింకలు, నేలను క్రమ్మివేసే విదేశీ మొక్కలు. వాటిలో బ్రెజిల్ నుండి వచ్చిన ఒక జామజాతి మొక్క మిక్కిలి ప్రమాదకరం. అందమైన కథకు ఒకే దోషి ఉంటాడు; ప్రకృతిలో అలా జరగడం అరుదు.

చెరకు, మనిషి

డచ్చివారు 1710లో దీవిని విడిచిపోయారు. తరువాత ఫ్రెంచివారు, 1810లో ఆంగ్లేయులు వచ్చారు. మారిషస్ చక్కెరపై అదనపు సుంకాన్ని 1825లో తొలగించిన తరువాత చెరకు సాగు విపరీతంగా పెరిగింది. 1835లో బానిసత్వం రద్దు కావడంతో కూలీల అవసరం వచ్చింది. 1834 నుండి 1920 వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందకూలీలుగా పోర్ట్ లూయీ రేవులో దిగారు. కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవులలో ఓడలెక్కిన తెలుగువారు వారిలో ఉన్నారు. వారు ఎక్కిన పదహారు మెట్లు ఆప్రవాసీ ఘాట్‌లో నేటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అడవిని కొట్టి చెరకు నాటింది యజమానుల లాభం కోసం. గొడ్డలి, పార పట్టింది బానిసల చేతులు, కూలీల చేతులు. ఈ సత్యాన్ని దాచడం వలన ప్రయోజనం లేదు. మంచి స్థితిలో మిగిలిన స్వదేశీ అరణ్యం నేడు దీవి వైశాల్యంలో నూటికి రెండు వంతులు కూడా లేదు.

ఆ కష్టం నుండే సంస్కృతి కూడా పుట్టింది. ఆఫ్రికా, మడగాస్కర్ నుండి తెచ్చిన బానిసలు సృష్టించుకున్న సెగా నృత్యగానాన్ని యునెస్కో 2014లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. మేకతోలు బిగించిన రవాన్ అనే వాద్యాన్ని నిప్పు సెగకు కాచి శ్రుతి చేస్తారు. మన డప్పు కళాకారులు చేసే పని ఇదే. దానికి తోడుగా మ్రోగే మరవాన్‌ను చెరకు పూతకాడలతో చేసి లోపల గింజలు పోస్తారు. శ్రమకు గుర్తయిన చెరకు ఆవిధంగా ఆటపాటలోనూ చేరింది. ఇంట క్రియోలు మాట్లాడే తెలుగు కుటుంబం గుడిలో తెలుగు భజన పాడుతుంది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఈ దీవిలోనే జరిగాయి.

తిరిగి వచ్చినవి

1974లో అడవిలో మిగిలినట్లు తెలిసిన మారిషస్ కెస్ట్రెల్ అనే చిరుడేగలు నాలుగే. వాటిలో గుడ్లు పెట్టగల ఆడపక్షి ఒక్కటే. అడవుల నరికివేతకు తోడు, మలేరియా నిర్మూలనకు చల్లిన డి.డి.టి. ఆ జాతిని దెబ్బతీసింది. 1979లో వచ్చిన కార్ల్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు సరళమైన ఉపాయాన్ని విస్తృతంగా అమలు చేశాడు. మొదటి విడత గుడ్లు తీసివేస్తే తల్లి మళ్ళీ పెడుతుంది. తీసిన గుడ్లను యంత్రంలో పొదిగించి, పిల్లలను పెంచి, అడవిలో వదిలారు. నేడు ఆ డేగలు వందలలో ఉన్నాయి. అయినా 2014లో వాటిని మరల అధిక ప్రమాదస్థితిలో చేర్చవలసి వచ్చింది. కాపాడడం ఒక్కసారితో ముగిసే పని కాదు.

గులాబి పావురాలు 1990 ప్రాంతంలో అడవిలో పది మాత్రమే ఉండేవి. ఇప్పుడు అవి వందలలో ఉన్నాయి. కాని కొద్ది పూర్వీకుల సంతతి కావడం వలన వాటిలో జన్యువైవిధ్యం తక్కువ. ఎకో చిలుక మన రామచిలుకకు దగ్గరి బంధువు. 1980లలో అది పది పన్నెండుకు దిగజారి, తరువాత కోలుకున్నది. గూటి తొర్రల కోసం దానితో పోటీపడే పక్షులలో మన రామచిలుక ఒకటి కావడం విచారకరం.

దీవికి ఆగ్నేయంగా, మాహెబూర్ పట్టణానికి ఎదురుగా, ఈల్ ఓ జెగ్రెట్ అనే 26 హెక్టార్ల పగడపు ద్వీపం ఉన్నది. అక్కడ మన తునికి చెట్టు ప్రజాతికి చెందిన ఎబొనీ చెట్లు మిగిలాయి. వాటి పండ్లు మ్రింగి గింజలు చల్లే మారిషస్ తాబేళ్ళు ఎన్నడో అంతరించాయి. పండ్లు చెట్టు క్రిందనే కుళ్ళేవి. అల్దాబ్రా దీవి నుండి వచ్చిన రాక్షస తాబేళ్ళను 2000లో అక్కడ వదిలారు. అవి పండ్లు తిని దూరాన విసర్జించినచోట మొలకలు లేచాయి; వాటి కడుపులో నుండి వచ్చిన గింజలు మెరుగుగా మొలకెత్తినట్లు 2011లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. పోయిన ప్రాణిని తిరిగి తేలేము. దాని ఉద్యోగానికి బంధువును నియమించవచ్చును.

తెగని తగవు

అంతా సుఖాంతం కాదు. పండ్లు తినే మారిషస్ పెద్ద గబ్బిలం స్వదేశీ వృక్షాల విత్తనాలను మోసుకుపోయే ముఖ్య ప్రాణి. అడవి తరిగిపోగా అది లిచీ, మామిడి తోటలపై పడింది. రైతుల నష్టం కల్ల కాదు. ప్రభుత్వం 2015లోను, 2016లోను వేల సంఖ్యలో గబ్బిలాలను చంపించింది. 2018లో ఆ జాతిని అధిక ప్రమాదస్థితిలో చేర్చారు. చంపడానికి బదులు చెట్లకు వలలు కప్పాలని శాస్త్రజ్ఞులు అంటారు. పెరటిలోని ఎత్తైన చెట్టుకు వల ఎలా కప్పాలని గృహస్థులు అడుగుతారు. రెండు మాటలలోను న్యాయం ఉన్నది.

2020 జూలై 25న వకాషియో అనే ఓడ ఆ ఎబొనీ ద్వీపానికి దగ్గరలోని పగడపు దిబ్బకు తగులుకున్నది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి చిమ్మింది. ద్వీపంలోని అరుదైన పక్షులను కొన్నిటిని తరలించవలసి వచ్చింది. అప్పుడు హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, క్రియోలులు, పిల్లలు, వృద్ధులు అని లేకుండా వేలమంది ఒడ్డున చేరి, గుడ్డసంచులలో ఎండిన చెరకు ఆకు కూరి, తేలడానికి ఖాళీ సీసాలు కట్టి, నూనెను ఆపే పొడుగైన అడ్డుకట్టలు కుట్టారు. ఏ పంట కోసం వారి పూర్వులు అడవి నరికారో, ఆ పంట ఆకుతోనే మిగిలిన అడవికి కంచె కట్టుకున్నారు.

మారిషస్ వెళ్ళే పాఠకులు సముద్రతీరంతో సరిపెట్టుకోక, ఒక పూట ఆప్రవాసీ ఘాట్‌కు, ఒక పూట ఈల్ ఓ జెగ్రెట్‌కు, ఒక రోజు బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయవనానికి కేటాయించుకోవడం మంచిది. అడవిలోకి పోయే ముందు చెప్పుల అడుగు దులుపుకోవాలి. ఒక విదేశీ గింజ చాలు. అక్కడ కొమ్మమీద గులాబి పావురం కనబడితే, అది ఏ కొద్ది పక్షుల సంతతియో తలచుకొని మరి కొంతసేపు నిలబడి చూడవచ్చును.