దిగులు జబ్బు మాత్రలు: మీ ఇష్టానికి మానవద్దు



పోయిన సంవత్సరం వేసవిలో ఒక చెల్లెమ్మ మా ఓ.పి.లో నా బల్ల ముందు కూర్చొని ఏడ్చింది. వనపర్తి దగ్గర పల్లె ఆమెది. భర్తతో కలిసి పుణెకు కూలి పనికి పోయి వచ్చింది. పోకముందే ఆమెకు దిగులు జబ్బు, అంటే డిప్రెషన్ ఉందని డాక్టరుగారు మాత్రలు రాశారు. రెండు నెలలు వాడింది. నిద్ర పట్టింది, ఆకలి అయింది, పిల్లలతో నవ్వుతూ మాట్లాడింది.

"మంచిగనే ఉన్న గదా సిస్టరమ్మా, ఇంకెందుకు గోలీలు అని ఇడిసిపెట్టిన. ఆడ దొరకలే గూడ" అన్నది.

మానేసిన మూడో రోజుకే తల తిరగడం, ఒళ్లు జలదరించడం, ఊరికే చిరాకు మొదలైనాయి. నెలన్నర కాకముందే పాత దిగులు తిరిగి వచ్చింది. "ఈసారి బతకబుద్ధి అయితలేదు" అని మెల్లగా చెప్పింది. వెంటనే ఆమెను డాక్టరుగారి దగ్గరకు తీసికొని వెళ్లాను. ఆ రోజే మందు మళ్లీ మొదలైంది. కొన్ని వారాలు ఆమెను ఒంటరిగా వదలవద్దని ఇంటివారికి చెప్పి పంపాము.

ఆమెను తప్పు పట్టే ముందు నా తప్పు చెప్పుకోవాలి. చాలా సంవత్సరాలు నేను కూడా ఈ మాత్రలు చేతికిచ్చి "నిద్ర గోలీలు, రాత్రి వేసుకో" అని ఒక్క మాటతో పంపించేదాన్ని. నిద్ర గోలీ అనుకున్న మనిషి నిద్ర పట్టగానే మానేస్తుంది. అందులో ఆశ్చర్యమేముంది? అందుకే ఈసారి ఈ మాత్రల సంగతి వివరంగా రాస్తున్నాను.

ఇవి నిద్ర మాత్రలు కావు

ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్, ఇంకా పాత రకాలైన అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ అనేవి దిగులు జబ్బుకు వాడే మందులు. ఇవి ప్రయోగం కోసం కొత్తగా వచ్చినవి కావు. స్విట్జర్లాండ్ డాక్టరు రోలాండ్ కున్ ఇమిప్రమిన్ గుణాన్ని 1957లోనే ప్రకటించారు. మత్తు కోసం వీటిని వేసుకోరు. రోజురోజుకు మోతాదు పెంచాలనే యావ కూడా వీటితో రాదు.

ఆల్ప్రాజోలం, డయాజిపామ్ వంటి నిద్ర మాత్రలు వేరు. అవి కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి. రెండు రకాలూ ఒకే చీటీలో ఉంటే ఏది ఎన్ని రోజులు వాడాలో డాక్టరుగారిని గాని, సిస్టరును గాని అడిగి, స్ట్రిప్పు మీద పెన్నుతో రాయించుకోండి. మెడికల్ షాపులో, ఆర్.ఎం.పి. దగ్గర చీటీ లేకుండా కొనవద్దు. పక్కింటివారికి పనిచేసిందని మీరు వేసుకోవద్దు.

మొదటి నెల జాగ్రత్త

జ్వరం గోలీలాగా ఇది సాయంత్రానికే పనిచేయదు. గుణం కనిపించడానికి రెండు నుండి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. ఇబ్బందులు మాత్రం ముందే వస్తాయి. వికారం, తలనొప్పి, విరేచనాలు, కొంచెం అలజడి ఉండవచ్చు. అన్నం తిన్న తరువాత వేసుకొంటే వికారం తగ్గుతుంది. ఇవి చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకొంటాయి. అమిట్రిప్టిలిన్ వాడేవారికి నోరు ఎండటం, మలబద్ధకం, మగత ఉంటాయి. వారు పడక మీద నుండి మెల్లగా లేవాలి, మగతగా ఉంటే బండి నడపరాదు.

ఇంటివారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొందరికి మనసు తేలిక కాకముందే ఒంట్లో చురుకు వస్తుంది. చనిపోవాలనే ఆలోచన అప్పటికి పోయి ఉండదు. అందువల్ల మొదటి వారాల్లోను, మోతాదు మార్చినప్పుడు కూడా మనిషిని కనిపెట్టి ఉండాలి. 25 సంవత్సరాల లోపు వారి విషయంలో మరీ జాగ్రత్త. అమెరికా మందుల సంస్థ 2004లో పిల్లల గురించి, 2007లో 24 ఏళ్ల వరకు ఉన్న యువకుల గురించి ఈ హెచ్చరికను మందు పెట్టె మీదనే వేయించింది.

గద్వాల వైపు పత్తి విత్తనాలు పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి. వాటిని పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఈ మాత్రలు కూడా అందరి చేతికి అందేలా ఉంచవద్దు. ముఖ్యంగా అమిట్రిప్టిలిన్ ఒకేసారి ఎక్కువ మింగితే గుండెకు ప్రమాదం. ఇంట్లో ఒకరు తమ దగ్గర ఉంచుకొని ఏ రోజుది ఆ రోజు ఇవ్వడం మంచిది.

ఎవరైనా ఎక్కువ మింగితే ఒక్క క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. ఖాళీ స్ట్రిప్పులు వెంట తెండి. కేసు అవుతుందని దాచవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలి గాని శిక్షించరాదు.

వీటితో కలపకూడనివి

మన పాలమూరు ప్రాంతంలో మొదట చెప్పవలసినది కల్లు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో చాలామంది వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలైనారు. దిగులు జబ్బు మాత్రల మీద అటువంటి కల్లు తాగితే మత్తు మీద మత్తు. అయితే రోజూ తాగేవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. సిగ్గుపడక డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, మొండి టి.బి.కి వాడే లినెజోలిడ్ ఈ మాత్రలతో కలిస్తే వణుకు, చెమటలు, గుండెదడ, జ్వరం, తికమక రావచ్చు. అలా అయితే వెంటనే ఆసుపత్రికి రావాలి. డైక్లోఫినాక్ వంటి నొప్పి గోలీలతో కడుపులో రక్తస్రావం కావచ్చు. పెద్ద వయసువారికి కొత్తగా మగత, తికమక వస్తే రక్తంలో సోడియం చూపించాలి. నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, అతిగా మాట్లాడటం, డబ్బు పారబోయడం కనిపించినా డాక్టరుగారికి చూపించాలి. గర్భం వచ్చిందని తెలిసిన చెల్లెళ్లు భయపడి తమంతట మానవద్దు, వెంటనే వచ్చి అడగండి.

మానే పద్ధతి

బాగైన తరువాత కూడా సుమారు ఆరు నెలల నుండి ఏడాది వరకు మందు వాడాలి. జబ్బు తిరగబెట్టినవారికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. తరువాత డాక్టరుగారు కొన్ని వారాలపాటు మోతాదు మెల్లగా తగ్గిస్తారు. ఒక రోజు మరిచిపోతే గుర్తు వచ్చినప్పుడు వేసుకోండి. మరుసటి మాత్ర వేళ దగ్గరపడితే మరిచినది వదిలేయండి. రెండు కలిపి మింగవద్దు.

వలస పోయేవారు పోయే తేదీ ముందుగా చెప్పి, అన్ని రోజులకు సరిపడా మందు తీసికొని పోండి. చీటీ, ఒక ఖాళీ స్ట్రిప్పు భద్రంగా ఉంచుకోండి. పై ఊర్లో కంపెనీ పేరు మారినా, లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు ఒకటేనా అని చూసుకోవాలి.

"ప్రార్థన చేయించుకొన్నాము, ఇక మందు వద్దు" అనేవారు కూడా వస్తుంటారు. ప్రార్థన మానమని ఎవరూ అనరు. మందు మానమని ప్రార్థన చెప్పదు. లూకా కూడా వైద్యుడే కదా!

దగ్గరలో మానసిక వైద్యులు లేనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ ఇది. ఖర్చు లేదు. రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ చెల్లెమ్మ ఇప్పుడు బాగున్నది. మళ్లీ పుణెకు పోయే ముందు రెండు నెలల మందుకు సంచి తెచ్చుకొని వచ్చింది. "ఇంకెన్ని నెలలు సిస్టరమ్మా?" అని అడిగింది. వేళ్ల మీద లెక్క పెట్టి చెప్పాను. "సరే, ఈసారి నిన్ను అడగకుంట ఇడువ" అన్నది. మీరు కూడా అట్లే అడగండి. అడిగినవారి మీద విసుక్కోము.