జోడేఘాట్‌లో పోరు ఎందుకొచ్చింది?

 

ఒకచోట పోరు ఎందుకు జరిగింది? అది తెలియాలంటే రెండు సంగతులు చూడాలి. ఒకటి అక్కడి నేల. రెండోది అక్కడి చరిత్ర.

మన గోదావరికి దక్షిణాన పాత కరీంనగర్ జిల్లా. ఉత్తరాన పాత ఆదిలాబాద్ జిల్లా. ఆదిలాబాద్ వైపు గుట్టలు, అడవి ఎక్కువ. గోండులు, కొలాములు అక్కడ పోడు కొట్టి జొన్నలు పండించేవారు.

నిజాం సర్కారు అడవి తనదన్నది. హద్దులు గీసింది. హద్దు లోపల పోడు చేస్తే నేరమన్నది. బయటి నుండి వచ్చినవాళ్లు భూములకు పట్టాలు రాయించుకున్నారు. చదువురాని గోండుల చేతిలో కాగితం లేదు. దున్నుకునే భూమి పరాయిదైంది.

అందుకే కొమురం భీం ఎదురు తిరిగాడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసులు ఆయనను కాల్చి చంపారు. తరువాత హైమండార్ఫ్ అనే పండితుడు గోండు గూడేల్లో ఉండి వాళ్ల కష్టాలు రాశాడు. అప్పుడు సర్కారు చాలామంది గోండులకు పట్టాలిచ్చింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవి భూమి పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని అందులో ఉంది.

మీ ఇంట్లో ఆ పట్టా ఉందా? తీసి చూడండి. మీ పేరు ఉందో లేదో మీరే చదవండి.