మందులు వాడని పెరటితోట : మొదటి పంటలో పురుగుల బెడద

పెరటిలో నాలుగు మళ్ళు కట్టి, రసాయనపు ఎరువులు, పురుగుమందులు లేకుండ వంగ, బెండ, టమాట, బీర, చిక్కుడు పెంచుకొనవలెనని నేడు పల్లెలలోను, పట్టణములలోను అనేకులు పూనుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన సంకల్పము. అయితే మొదటి పంటలోనే చాలమంది నిరాశ పడుచున్నారు. చిక్కుడు తీగల కొనలు నల్లని పేనుబంకతో నిండును. వంగ ఆకులు జల్లెడలగును. కోసిన కాయలో పురుగు కనబడును. అప్పుడు పత్తిచేనికో మిరపచేనికో తెచ్చి, అటకపై ఉంచిన మందు సీసా గుర్తుకు వచ్చును. ఆ సీసా దించకుండ పంటను దక్కించుకొను విధానము ఇచట వివరింపబడినది.

మొదటి పంటలోనే బెడద ఎందుకు?

మన పంటలను తిను పురుగులు కొన్నియైతే, ఆ పురుగులను తిని బ్రతుకు పురుగులు మరి కొన్ని. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు, తూనీగ మొదలగునవి ఈ రెండవ తెగకు చెందినవి. తమకు ఆహారము లేని చోటికి ఇవి రావు. పేనుబంక ముందు రావలెను. దానిని తినువారు తరువాత వత్తురు.

పేనుబంక ఆడపురుగు మగదానితో పనిలేకయే పిల్లలను పెట్టును. ఆ పిల్లలు సుమారు వారము పది దినములలో తామును పిల్లలు పెట్టసాగును. మిత్రపురుగులు తోటను చేరి, గ్రుడ్లు పెట్టి, ఆ పిల్లలు తిండికి దిగుటకు కొంత వ్యవధి పట్టును. ఈ నడిమి కాలమే మీకు పరీక్ష. ఇప్పుడు విషము చల్లినచో శత్రువుతోపాటు మిత్రుడును చచ్చును. శత్రువు త్వరగా కోలుకొనును, మిత్రుడు ఆలస్యముగా కోలుకొనును. తోట మరల మొదటికి వచ్చును.

శత్రువెవరు? మిత్రుడెవరు?

ప్రతి ఉదయము పది నిమిషములు ఆకుల అడుగుభాగమును త్రిప్పి చూచు అలవాటు చేసికొనుడు. ముఖ్యముగా అక్షింతల పురుగు విషయమున జాగ్రత్త అవసరము. ఏలయన ఒకే పేరుతో రెండు రకముల పురుగులు కలవు.

మిత్రుడైన అక్షింతల పురుగు వీపు నూనె పూసినట్లు నిగనిగలాడును. ఎరుపు, నారింజ లేక పసుపు వన్నెపై నల్లని చుక్కలో, వంకర గీతలో ఉండును. దాని పిల్ల నలుపుగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలివలె ఉండి చురుకుగ పరుగెత్తును. ఇది పేనుబంక గుంపులలో కనబడును.

శత్రువైన అక్షింతల పురుగు రాగి ఛాయ కలిగి, సన్నని నూగు వలన మసకగా ఉండును. వీపుపై 12 లేక 28 చుక్కలుండును. దీని పిల్ల పసుపుపచ్చగా ఉండి, ఒడలెల్ల కొమ్మలు వేసిన ముండ్లు కలిగి, మెల్లగా కదలును. తల్లియు, పిల్లయు వంగ ఆకులోని పచ్చదనమును గీకి తిని, ఈనెలను మాత్రము మిగుల్చును. ఇది కనబడినచో ఏరి సబ్బునీటిలో వేయవలెను. రెండింటి గ్రుడ్లును పసుపుపచ్చని గుంపులే గనుక, పేనుబంక ఉన్న చోట గ్రుడ్లను నలుపరాదు.

పేనుబంక గుంపులో కాళ్ళు లేక జలగవలె ప్రాకు చిన్న పురుగును చంపకుడు. అది ఒక జాతి ఈగ పిల్ల, పేనుబంకను తినును. గోధుమ వన్నెతో ఉబ్బి, ఆకుకు అంటుకొనియున్న పేనుబంక కనబడినచో సంతోషింపుడు. దానిలోపల పరాన్నజీవియైన చిన్న కందిరీగ పెరుగుచున్నదన్నమాట.

చేతితో చేయదగిన పనులు

చిక్కుడు : పేనుబంక తక్కువగా నున్నపుడే నీటిని గట్టిగా చిమ్మి రాల్చవలెను. మిక్కిలి పట్టిన కొనలను త్రుంచివేయవలెను. చీమలు పేనుబంక విసర్జించు తీపి బంకకై దానిని కాపాడి, మిత్రపురుగులను తరుమును. కావున చీమల బారులను తోటకు చేరనీయరాదు.

వంగ : మొవ్వు వాడి తల వ్రేలవేసినచో లోపల మొవ్వు, కాయ తొలుచు పురుగు ఉన్నదని తెలియవలెను. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల త్వరలోనే లోపలికి దూరును. పిదప పైన చల్లిన ఏ కషాయమును దానిని చేరలేదు. వాడిన మొవ్వును అంగుళము క్రిందికి త్రుంచి కాల్చివేయవలెను. పుచ్చు కాయలను గూడ అట్లే చేయవలెను. వీనిని పెంటకుప్పలో వేసినచో పురుగు రెక్కలు తొడిగి మరల తోటకే వచ్చును.

బీర, కాకర, సొర : పండు ఈగ లేత పిందెను పొడిచి గ్రుడ్లు పెట్టును. కాయ క్రుళ్ళి రాలును. లోపలి పురుగు నేలలో చేరి ఈగగా మారును. రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి, రెండడుగుల లోతున పాతవలెను. పిందె కట్టిన రెండు మూడు దినములకు కాగితపు సంచి తొడుగుట చిన్న తోటలో సులభమైన పని. పాదులను అప్పుడప్పుడు పైపైన త్రవ్వినచో నేలలోని కోశములు ఎండకు, పక్షులకు చిక్కును.

బెండ : ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారుట పల్లాకు తెగులు. ఇది వైరసు వలన కలుగును. తెల్లదోమ దానిని మొక్కనుండి మొక్కకు చేర్చును. సోకిన మొక్కకు చికిత్స లేదు. చూచిన దినముననే పెరికివేయవలెను. పసుపు రంగు రేకులకు ఆముదము పూసి మొక్కల ఎత్తున కట్టినచో తెల్లదోమలు అంటుకొనును.

టమాట : టమాట నారుకంటె రెండు వారములు ముందుగా పెంచిన బంతినారును తోటలో అక్కడక్కడ నాటినచో రెండును ఒకేసారి పూతకు వచ్చును. కాయ తొలుచు శనగపచ్చ పురుగు తల్లి బంతిపూల వైపు ఆకర్షింపబడును. ఆ పూలపై పురుగులను ఏరుట తేలిక.

మాగని పేడ ఎరువు వేయరాదు. దాని వలన చెదలు, వేరుపురుగులు చేరును.

వేపగింజల కషాయము

పై పనులతో అదుపు కానపుడు మాత్రమే కషాయము వాడవలెను. నీడలో ఆరబెట్టిన వేపపప్పు 500 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నాననీయవలెను. ఉదయము మూటను పలుమారులు పిండి, పది లీటర్లకు నీరు కలిపి, 10 గ్రాముల సబ్బుపొడి చేర్చవలెను. కొద్ది మళ్ళకు ఇందులో అయిదవవంతు చేసికొనిన చాలును. నాడే వాడవలెను.

ఎండకు దీని గుణము తగ్గును. పగలు తేనెటీగలు పూలపై తిరుగును. అందుచే సాయంకాలము, ఆకుల రెండువైపుల తడియునట్లు చల్లవలెను. వేప పురుగును తక్షణమే చంపదు. తిండి మాన్పించి, పెరుగుదలను చెరచును. మరునాడు పురుగు ప్రాకుచున్నదని అధైర్యపడకుడు. అవసరమైనచో వారము పది దినములకు మరల చల్లవచ్చును.

పొగాకు కషాయమును కొందరు నిరపాయమనుకొందురు. అందలి నికోటిను మనుష్యులకును తీవ్రమైన విషము. చెట్టునుండి తీసినదంతయు క్షేమకరము కాదు.

ఆ సీసా సంగతి

మోనోక్రోటోఫాస్ మందును కూరగాయలపై వాడరాదని భారత ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారన్ జిల్లాలోని ఒక పాఠశాలలో ఇదే మందు కలిసిన భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. చేనికి తెచ్చిన మందును, దాని ఖాళీ డబ్బాను ఇంటికి, పెరటికి చేరనీయరాదు. పెరటి కూర ఉదయము కోసి మధ్యాహ్నము వండుదురు. మందు విరుగుటకు అందు వ్యవధి ఎక్కడిది? పచ్చి టమాట కోసుకొని తినునది మీ పిల్లలే.

కొన్ని ఆకులు పోయినంత మాత్రమున మొక్క కాపు మానదు. వంగలో కొన్ని పుచ్చులు వచ్చిన, ఆ భాగము కోసి మిగిలినది వండుకొనవచ్చును. ఏ పురుగు ఏ నెలలో, ఏ మొక్కపై వచ్చినదో ఒక పుస్తకములో వ్రాసికొనుడు. రెండవ పంటలో వంగ ఉన్న మడిలో టమాటగాని, మిరపగాని వేయక చిక్కుడో, బీరయో వేయుడు. బంతి, కొత్తిమీర, సోంపు కొన్నిటిని పూతకు వదలుడు; మిత్రపురుగులలో పెక్కింటికి ఆ పూల తేనె ఆహారము. గుర్తింపలేని పురుగు కనబడినచో దానిని ఆకుతో సహా సీసాలో వేసి మీ ప్రాంతపు వ్యవసాయ లేక ఉద్యాన శాఖాధికారికి చూపుడు.