ఫీజు సరే... వాటా ఎందుకు?

"అమ్మాయ్, ఖాళీ చెక్కు మీద సంతకం పెడితే ఏమవుతుందే?"

ఉయ్యూరు బస్సు దిగి వచ్చిన మా సరోజ పిన్ని గుమ్మంలోనే అడిగిన మాట ఇది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

బాబాయి పోయి అయిదేళ్లయింది. కంకిపాడు దాటాక బందరు రోడ్డు మీద లారీ గుద్దేసింది. నష్టపరిహారం కోసం విజయవాడ కోర్టులో వేసిన కేసు నాలుగేళ్లు నడిచి, చివరికి పన్నెండు లక్షలు వచ్చాయి. అందులో చాలా భాగం పిన్ని పేరునా, పిల్లాడి పేరునా కోర్టువారే బ్యాంకులో డిపాజిట్ చేయించారు. పసిపిల్లలకూ, చదువురానివాళ్లకూ వచ్చిన సొమ్ము నాలుగు రోజుల్లో కరిగిపోకూడదని సుప్రీంకోర్టు సూసమ్మ థామస్ కేసులో నొక్కి చెప్పిన పద్ధతే ఇది. పిన్ని చేతికొచ్చింది నాలుగు లక్షలు.

లాయరు గారు నూటికి ఇరవై చొప్పున అడిగారట. అదీ చేతికొచ్చిన నాలుగు లక్షల మీద కాదు, మొత్తం పన్నెండు లక్షల మీద. అంటే రెండు లక్షల నలభై వేలు! వాయిదా వాయిదాకీ ఇచ్చిన అయిదు వందలూ, వెయ్యీ వేరే. వాటికి రసీదుల్లేవు. డబ్బు వచ్చిన రోజున రెండు చెక్కుల మీద సంతకాలు కూడా తీసుకున్నారు.

"ఆయనే లేకపోతే ఆ డబ్బు మాత్రం వచ్చేదా?" అంది పిన్ని. ఆ గొంతులో కోపం లేదు. కృతజ్ఞతే ఉంది. నాకు నోరు పెగల్లేదు.

మావారి మేనమామ కొడుకు గుంటూరులో ప్లీడరు. నాకు వరసకు అన్నయ్య. ఫోన్ చేస్తే, "చెల్లెమ్మా, సునీత కేసు చదువు" అన్నాడు.

చదివాను. మన తెలుగు నేల మీద పుట్టిన కేసే. 1998 జులైలో రోడ్డు ప్రమాదంలో ఆమె భర్త చనిపోయాడు. పరిహారం కేసు నడిపిన లాయరుకు ఆమె పది లక్షల రూపాయలు ఇచ్చింది. అది చాలక 2014 అక్టోబరులో ఇంకో మూడు లక్షలకు చెక్కు తీసుకున్నాడు. ఖాతాలో డబ్బు లేదు మొర్రో అన్నా వినలేదని ఆమె వాదన. ఆ చెక్కు చెల్లలేదు. ఆయన ఆమె మీదే చెక్కు బౌన్సు కేసు పెట్టాడు! భర్తను పోగొట్టుకుని కోర్టుకెక్కిన మనిషి, ముద్దాయిగా మళ్లీ అదే కోర్టు మెట్లెక్కింది. అప్పట్లో రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఉన్న హైకోర్టు ఆ కేసు కొట్టెయ్యనంది. ఆమె ఢిల్లీ వెళ్లింది.

2017 డిసెంబరు 5న జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ ఇచ్చిన తీర్పు ప్రతి ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలని నాకనిపించింది. వచ్చే సొమ్ములో ఇంత శాతం అని లాయరు ఫీజు అడగడం ప్రజాహితానికీ, వృత్తి ధర్మానికీ విరుద్ధం, చట్టం ముందు అది బాకీయే కాదు అన్నారు. చెక్కు రాసిచ్చినంత మాత్రాన బాకీ ఒప్పుకున్నట్టు కాదనీ, క్లయింటు కాదంటే అంత ఫీజుకు ఒప్పందం ఉందని లాయరే రుజువు చేసుకోవాలనీ చెప్పారు. వ్యవహారం అడ్డం తిరిగేసరికి ఆ లాయరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. అలా తప్పించుకోవడం కుదరదని కోర్టు ఒప్పుకోలేదు. ఉన్నమాట చెప్పాలంటే, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మరి వాటా కాకుండా మామూలు ఫీజే మోయలేనంతగా అడిగితే? ఇంతకు మించకూడదని అందరికీ వర్తించే పరిమితి చట్టంలో లేదు. 1988లోనే లా కమిషన్ తన 131వ నివేదికలో ఈ గోడు చర్చించింది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఫీజు లాయరు అనుభవానికీ, కేసు స్వభావానికీ తగ్గట్టు ఉండాలి. ముందు ఏమీ మాట్లాడుకోకపోతే, తన దగ్గరున్న క్లయింటు సొమ్ములోంచి కోర్టు ఫీజు నిబంధనల ప్రకారం వచ్చేంతే మినహాయించుకుని మిగతాది తిరిగి ఇచ్చెయ్యాలి. లెక్క అడిగితే చూపాలి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు అట్టిపెట్టుకోకూడదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయర్ల మీద వినియోగదారుల కోర్టుకు వెళ్లే దారి మాత్రం లేదు. 2024 మే నెల తీర్పుతో అది మూసుకుపోయింది. ఫిర్యాదు చేయాలంటే రాష్ట్ర బార్ కౌన్సిలే.

"అమెరికాలో అయితే యాక్సిడెంటు కేసుల్లో మూడో వంతు లాయరుకే పోవడం మామూలు. అక్కడ తప్పు కానిది ఇక్కడెలా తప్పయింది?" అని అన్నయ్యనే అడిగాను. నవ్వాడు. "ఇక్కడ కేసులో లాయరుకు వాటా ఉండకూడదు. ఉంటే అది క్లయింటు కేసు కాదు, ఆయన సొంత కేసు అవుతుంది. కానీ చెల్లెమ్మా, చేతిలో పైసా లేని విధవరాలి కేసు సొంత డబ్బు పెట్టి నాలుగేళ్లు నడిపే లాయరు ఏం తినాలి? ఆ మాటా రాయి" అన్నాడు. రాశాను. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. కోర్టులో న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. ఈ ముక్క అయిదేళ్ల కిందట పిన్నికి ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చదివిన నేనూ చెప్పలేదు.

మరుసటి సోమవారం ఇద్దరం ఆ లాయరు గారింటికి వెళ్లాం. పిన్ని తెల్లకాగితం మీద తన చేత్తోనే రాసుకొచ్చింది. ఇచ్చిన డబ్బు గుర్తున్నంత వరకూ తేదీలతో సహా! "బాబూ, మీ కష్టం ఉంచుకోను. వాటా అనకండి, మీరు చేసిన పనికి ఎంతో చెప్పండి" అంది. ఆయన నావైపు ఎర్రగా చూశారు. తర్వాత చాలాసేపు లెక్కలు వేసి డెబ్భై వేలు అన్నారు. పిన్ని ఒప్పుకుంది, రసీదు అడిగి మరీ తీసుకుంది. నా లెక్కకు అదీ ఎక్కువే. పిన్ని మాత్రం, "పోనీలే, నాలుగేళ్లు తిరిగాడు" అంది.

ఒక చెక్కు అక్కడే చించేశారు. రెండోది ఏ ఫైల్లో ఉందో వెతికి పంపిస్తామన్నారు. ఇంకా రాలేదు. దాని నంబరు పిన్ని వంటింట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంది.