కనబడని మృగమును లెక్కించుట
(నల్లమలలోని వేటజంతువుల పరిశీలనము)

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన దినమున మా తరగతి బాలురు నన్ను జూచి, "అయ్యా, నల్లమలకు పోయి వచ్చితిరట, పులిని చూచితిరా?" అని యడిగిరి. లేదని చెప్పగా వారి ముఖములు చిన్నవోయినవి. నేను చూచినది దారిప్రక్క తడిమట్టిలో నొక యడుగుజాడ మాత్రమే. అయినను, మాకు దారి చూపిన చెంచుపెద్ద దానిచెంత గూర్చుండి, "అయ్యవారూ, దీని యంచులింకను చెదరలేదు. రాత్రి తిరుగు పురుగుల గీతలు దీనిపై నొక్కటియు లేవు. తెల్లవాఱినాక పోయినది" అని చెప్పినప్పుడు, పులిని జూడలేదను కొఱత నాకు దీఱెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చిన ప్రకృతిపాఠమంతయు గోడకు వ్రేలాడు పటములోనిదే గదా!

నల్లమల తూర్పు కనుమలలోని కొండవరుస. కృష్ణానది దానిని లోతుగా గోసికొని పాఱుచున్నది. 1983లో నిచ్చటి యడవి నాగార్జునసాగరము-శ్రీశైలము పులుల యభయారణ్యమైనది. అప్పటి విస్తీర్ణము 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట నదికి ఉత్తరపు భాగము తెలంగాణములో అమ్రాబాదు అభయారణ్యమయ్యెను. ఈ కొండలలో పెద్దపులి, చిఱుతపులి, రేచుకుక్క, దుమ్ములగొండి, తోడేలు, నక్క తిరుగుచుండును. ఇంత యడవిలో, మనుష్యుని వాసన తగిలినంతనే తొలగిపోవు జంతువులను ఎవరు చూడగలరు? జీవితమంతయు వానినే పరిశోధించువారు సైతము అరుదుగా జూచెదరు. కావున వారు జంతువును విడిచి, అది విడిచిపోయిన వానిని చదువుదురు.

మొదటిది జాడ. పులియు చిఱుతయు నడచునప్పుడు గోళ్లను లోనికి ముడుచుకొనును గనుక వాని జాడలో గోటిగుర్తు కానరాదు. కుక్కజాతికిని దుమ్ములగొండికిని గోళ్లు మట్టిలో గ్రుచ్చుకొనును. దుమ్ములగొండి ముందుపాదములు వెనుకవానికంటె పెద్దవి.

రెండవది మలము. ఇది వినగానే మా బాలురు ముక్కు మూసికొనిరి గాని, పరిశోధకునికి దీనికి మించిన గ్రంథము లేదు. తిన్న జంతువు మాంసము జీర్ణమైనను వెండ్రుకలు జీర్ణము గావు. మలమును జల్లెడలో గడిగి, ఆ వెండ్రుకలను సూక్ష్మదర్శని క్రింద నుంచిన యెడల, అది కణితిదో, దుప్పిదో, అడవిపందిదో, ఊరి పశువుదో లోపలి యమరికనుబట్టి తెలియును. దుమ్ములగొండి మలము ఎండి తెల్లనగును. దుమ్ము అనగా ఎముక. మన పెద్దలు దాని యాహారమును జూచియే పేరు పెట్టిరి కాబోలు!

ఇట్లు వెండ్రుకలను లెక్కించియే, కర్ణాటకములోని నాగరహొళె యడవిలో, మూడు వేటజంతువు లొక్కచోట నెట్లు బ్రతుకుచున్నవో ఉల్లాస్ కారంత్ మున్నగువారు కనుగొనిరి. పెద్దపులి కణితి, అడవిదున్నలవంటి పెద్ద జంతువులను కోరును. చిఱుతయు రేచుకుక్కలును చుక్కలదుప్పివంటి నడిమి పరిమాణపు వానిపై నాధారపడును. రేచుకుక్కలు పగటివేళ గుంపుగా వేటాడును. వీనిని 1976-78 సంవత్సరములలో బందీపురమున శ్రద్ధగా పరిశీలించినవారు ఎ. జె. టి. జాన్‌సింగ్ గారు. ఒక పెద్దపులికి వారమున కొక పెద్ద జంతువు చొప్పున ఏటికి సుమారు 50 జంతువులు కావలెను. దుప్పులు లేని యడవిలో పులిని కాపాడుదుమనుట వట్టిమాట.

ఇక లెక్కించుట. చిక్కంతయు నిచ్చటనే యున్నది. 1973లో పులుల సంరక్షణ పథకము మొదలైన పిమ్మట చాలకాలము వఱకు, జాడపై గాజుపలక నుంచి దాని రేఖలు గీసికొని, ఆ గీతలను పోల్చి పులులను లెక్కించెడివారు. కాని యొకే పాదము బురదలో నొకవిధముగను, దుమ్ములో మఱియొకవిధముగను అచ్చుపడును. ఒకే పులి నాలుగు పాదములును ఒక్కతీరుగ నుండవు. పైగా, రావలసిన సంఖ్య ముందే మనస్సున నుండినచో జాడలును దానికి దగినట్లే కనబడును. పుస్తకము చివరి జవాబును చూచి లెక్క చేయు బాలుర నెందఱినో నే నెఱుగుదును. రాజస్థానములో ఆరావళి కొండలలోని సరిస్కా అభయారణ్యమున పులులున్నవని కాగితములపై వ్రాయుచుండగనే, 2005 నాటికి అందొక్కటియు మిగులలేదని తేలినది. దొంగవేటగాండ్రు చంపివేసిరి. తప్పులెక్క యుండుటచేత, పులులు తఱుగుచున్నవని తెలిసికొనవలసినవారికి సకాలమున తెలియలేదు.

తరువాత కెమెరా వచ్చెను. కారంత్ గారు 1990 తరువాతి సంవత్సరములలో నాగరహొళెలో దీనిని వాడి చూపిరి. జంతువు నడచు దారికి ఇరువైపుల, ఇంచుమించు మోకాలి యెత్తున రెండు కెమెరాలు కట్టుదురు. ఇప్పటి యంత్రములు కదలు దేహపు వేడిమిని గుర్తించి తామే చిత్రము తీయును. రెండేల? పులి చారలు ఏ రెంటికిని ఒక్కతీరుగ నుండవు. ఒకే పులికి కుడిప్రక్కయు ఎడమప్రక్కయు సైతము వేఱే. చిఱుతకు మచ్చలే గుర్తు.

చిత్రము దొరకని పులుల మాటేమి? ఇచ్చట మన త్రైరాశికము పనికివచ్చును. మొదటిమాఱు 20 పులుల చిత్రములు దొరకినవనుకొనుడు. రెండవమాఱు 16 దొరకగా, వానిలో 8 మాత్రమే పాతవి. అనగా సగము. కావున మొదటి 20 మొత్తములో ఇంచుమించు సగమే. మొత్తము సుమారు 40. నిజమైన గణనము దీనికంటె కఠినమైనదే గాని మూలమిదియే. ఈ పద్ధతిని దేశమంతట అనుసరించుటకు మొదలుపెట్టిన 2006 నాటి గణనములో భారతదేశమున 1,411 పులులని తేలెను. 2022లో సగటు సంఖ్య 3,682.

నల్లమలలో మఱియొక చిక్కున్నది. కృష్ణానది యిప్పుడు రెండు రాష్ట్రములకు సరిహద్దు. పులికి మాత్రము కాదు, అది చక్కగా నీదగలదు. ఈవలి యొడ్డున చిత్రమిచ్చిన పులియే ఆవలి యొడ్డునను చిత్రమీయవచ్చును. అందుచేత రెండు రాష్ట్రముల చిత్రములను ఒకచోట జేర్చి, చారచారను పోల్చి చూచిన గాని అచ్చటి లెక్క ముగియదు.